నలభై ఐదు దాటితే మూలిగే చక్రం: గేర్‌బాక్స్ దించే ముందు ఒక పూట ఆగండి

మాస్టారూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరు ఉండేది ఒడిశాలోని గుణుపురంలో. 2016 నాటి చిన్న కారు, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. వానలు వెనకబట్టాక ముందు ఎడమ చక్రం వైపు నుంచి గుంయ్‌మని మోత మొదలైంది. 45 దగ్గర లేస్తుంది, 60కి వచ్చేసరికి పక్కవారి మాట వినపడదు. ఒక షెడ్డులో టైర్లన్నారు. ముందు రెండూ కొత్తవి వేయించారు, మోత మాత్రం పోలేదు. ఇంకో షెడ్డులో గేర్‌బాక్స్ దించాలంటున్నారు. కుడి మలుపుల్లో మోత పెరుగుతోందని మీ ఇంటావిడగారు అంటున్నారు, మీకు మాత్రం తేడా తెలియడం లేదు. వచ్చే వారం పిల్లలతో సాలూరులో బంధువుల ఇంటికి వెళ్లి, అక్కడి నుంచి ఘాట్ ఎక్కి కోరాపుట్ వెళ్లాలి. వెళ్లవచ్చా అని అడిగారు.

ఇవన్నీ రాసి, చివర్లో ఏదో గుర్తొచ్చినట్టు, టైర్లు మార్చినప్పటి నుంచి మెల్లగా పోతుంటే టక్ టక్‌మని కూడా వినిపిస్తోందని ఒక వాక్యం తగిలించారు. నన్ను భయపెట్టింది ఆ వాక్యమే.

గుంయ్ మోత సంగతి తర్వాత చూద్దాం. ముందు వెళ్లి చక్రాల నట్లు చూడండి. టైరు మార్చాక కొత్తగా పుట్టిన టక్ టక్‌కు నేను ఎక్కువగా చూసిన కారణాలు మూడు. చక్రం మూత క్లిప్పుల్లో సరిగ్గా కూర్చోకపోవడం, కొత్త టైరు గాడిలో రాయి ఇరుక్కోవడం, నట్లు వదులుగా ఉండటం. మొదటి రెండింటికీ నవ్వుకుని ఇంటికి పోవచ్చు. మూడోది నడుస్తున్న కారు నుంచి చక్రాన్ని ఊడదీస్తుంది. మూత తీసి, స్టెప్నీతో పాటు ఇచ్చిన పానా పట్టుకుంటే ఏది నిజమో ఐదు నిమిషాల్లో తేలుతుంది.

నట్లు బిగించడంలో మన వైపు రెండు రకాల పొరపాట్లు చూశాను. చేతితో తిప్పి చాలనుకునేవారు ఒకరు, పానా మీద రెండు కాళ్లతో ఎక్కి తొక్కేవారు ఇంకొకరు. మీలాంటి చిన్న కార్లకు సుమారు 100 న్యూటన్ మీటర్ల బిగువు కావాలి (మీ కారుకు ఎంతో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, దాన్నే పాటించండి). అంటే పావు మీటరు పొడవున్న పానా కొసన 40 కిలోల బరువు వేలాడదీసినంత. 70 కిలోల మనిషి 30 సెంటీమీటర్ల పానా కొసన నిలబడితే ఆ బిగువు రెట్టింపు దాటిపోతుంది. అప్పుడు బోల్టు సాగుతుంది, మరలు అరుగుతాయి, రేపు దారిలో పంక్చరైతే నట్టు ఊడి రాదు. వరసగా కాకుండా ఒకటి, దానికి ఎదురుగా ఉన్నది, ఇలా మార్చి మార్చి బిగించాలి. నట్టుకు కోసుగా ఉన్న వైపు రిమ్ము లోపలికి పోవాలి. దాన్ని తిరగేసి బిగించిన కారు ఒకటి నా షెడ్డుకు వచ్చింది. బిగువుగానే ఉన్నట్టు కనిపించింది గానీ చక్రం పట్టుకుని ఊపితే గంటలా ఆడింది. రిమ్ముకూ, దాన్ని బిగించే హబ్బుకూ మధ్య తుప్పూ మట్టీ ఉంటే, అది నలిగి సర్దుకున్నాక బిగించిన నట్టు కూడా వదులవుతుంది. అందుకే చక్రం విప్పి వేసిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి బిగువు చూసుకోవాలి. టైర్ల దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు. మీకూ చెప్పి ఉండరు.

నట్లు బాగుంటే టక్ టక్‌ను లెక్కపెట్టండి. 165/80 ఆర్ 14 కొలత టైరు ఒక చుట్టు తిరిగితే దాదాపు 1.95 మీటర్లు కదులుతుంది. గంటకు 10 కిలోమీటర్ల వేగంలో పది సెకన్లకు 14 చుట్లు. స్పీడోమీటరు ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి 13 అనుకున్నా తప్పు లేదు. పక్కన కూర్చున్నవారిని గడియారం పట్టుకోమని, అద్దం దించి, ఏదైనా ప్రహరీ గోడ పక్కగా మెల్లగా పోనివ్వండి. బయటి శబ్దం గోడకు తగిలి లోపలికి బాగా వినిపిస్తుంది. పది సెకన్లలో 13, 14 టక్కులు వస్తే అది చక్రం చుట్టుకు ఒక్కసారి వస్తున్న శబ్దం. రాయి, మేకు, మూత, ఏదైనా అక్కడే ఉంది. స్టీరింగు పూర్తిగా తిప్పి మలుపు తిరుగుతున్నప్పుడు మాత్రమే గబగబా టకటకమంటే, అది యాక్సిల్ చివర ఉండే జాయింటు. చక్రం వెనక ఆ జాయింటుకు తొడిగిన రబ్బరు బూటు చిరిగిందేమో, రిమ్ము లోపలి వైపు నల్లటి గ్రీజు చిమ్మి ఉందేమో చూడండి. మీరు రాసిన దాన్నిబట్టి అది కాదనుకుంటున్నాను.

ఇక అసలు మోత. నేను సాలూరు లారీ షెడ్లలో పని నేర్చుకున్నవాణ్ణి. తర్వాత కోరాపుట్ దగ్గరి జయపురంలో ముప్పై ఏళ్లకు పైగా సొంత షెడ్డు నడిపాను. వచ్చేవారిలో సగం మంది తెలుగులో చెప్పేవారు, సగం మంది ఒడియాలో. ఏ భాషలో చెప్పినా అందరూ ముందు చెప్పేది శబ్దం ఎక్కడి నుంచి వస్తోందన్నదే. దానికి నేనిచ్చే విలువ తక్కువ. ఇనుప పెట్టెలో శబ్దం ఎటు పడితే అటు పాకుతుంది. ముందు చక్రం మోత వెనక సీటు కింద వినిపించిన సందర్భాలు లెక్కలేనన్ని. నాకు కావలసింది అది ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు ఆగుతుంది అన్న సంగతి. ఆ లెక్కన చూస్తే మీ రెండు షెడ్లవారి కంటే మీ ఇంటావిడగారే జబ్బుకు దగ్గరగా వచ్చారు.

ఎందుకో చెబుతాను. బస్సు కుడికి తిరిగితే మనం ఎడమకు ఒరుగుతాం. కారు బరువు కూడా అలాగే ఎడమ చక్రాల మీదికి వాలుతుంది. చక్రం తేలిగ్గా తిరగడానికి హబ్బు దగ్గర గోళీలతో ఉండే భాగమే బేరింగు. ఎడమ బేరింగు లోపల ఆ గోళీలు పరిగెత్తే దారి గుంటలు పడి ఉంటే, బరువు పడేకొద్దీ మోత పెరుగుతుంది. ఎడమకు తిప్పితే ఆ చక్రం తేలికపడి మోత తగ్గుతుంది. కుడి మలుపులో పెరిగే మోత చాలాసార్లు ఎడమ బేరింగుదే. మీకు తేడా తెలియకపోవడంలో వింత లేదు. నడిపేవారి దృష్టి దారి మీద ఉంటుంది, పక్కన కూర్చున్నవారి చెవి ఖాళీగా ఉంటుంది.

దీన్ని నిర్ధారించుకోవాలంటే, తెల్లవారుజామున ఎదురుగా, వెనకాల బండి లేని తిన్నని వెడల్పు రోడ్డు చూసుకోండి. 50, 55 వేగంలో స్టీరింగును కొద్దిగా కుడికి, కొద్దిగా ఎడమకు, పాము పాకినట్టు ఆడించండి. కొద్దిగా అంటే కొద్దిగానే. ఘాట్‌లోనూ వంతెనల మీదా ఈ పని చేయవద్దు. కుడికి తిప్పినప్పుడు లేచి, ఎడమకు తిప్పినప్పుడు అణిగితే నా అనుమానం ముప్పాతిక వంతు నిజమైనట్టే.

అంతకంటే ఎక్కువ అనలేను, దానికి కారణం నా అనుభవమే. షెడ్డు పెట్టిన కొత్తలో ఒక జీపుకు ఈ ఒక్క పరీక్ష నమ్మి కుడి బేరింగు మార్చాను. మోత అలాగే ఉంది. మర్నాడు ఎడమది మార్చాక పోయింది. రెండు వరసల గోళీలున్న బేరింగులో లోపలి వరస చెడితే ఒక తీరుగా, బయటి వరస చెడితే ఇంకో తీరుగా పలుకుతుంది. ఒక బేరింగు డబ్బు నేనే పెట్టుకున్నాను. అప్పటి నుంచి జాకీ ఎత్తి చూడకుండా ఏ బేరింగూ విప్పలేదు.

గేర్‌బాక్స్ అన్నవారిని పూర్తిగా తప్పుపట్టను, అక్కడి నుంచీ గుంయ్ మోత వస్తుంది. అయితే దానికి గేరుతో సంబంధం ఉంటుంది. 50 వేగంలో మూడో గేరులో ఒకసారి, నాలుగో గేరులో ఒకసారి వినండి. మోత శ్రుతి మారితే గేర్‌బాక్స్ వైపు చూడాలి, వేగంతోనే నడుస్తూ గేరును పట్టించుకోకపోతే చక్రం వైపు చూడాలి. గేర్‌బాక్స్‌లోనే ఉండి రెండు చక్రాలకూ శక్తిని పంచే డిఫరెన్షియల్ బేరింగులు కూడా చక్రం వేగంతోనే మోగుతాయి కాబట్టి ఈ పరీక్ష ఒక్కటే చాలదు. కానీ అవి స్టీరింగును ఇటూ అటూ ఆడిస్తే అంతగా స్పందించవు. గేర్‌బాక్స్ దించడమంటే రోజంతా పని, బోలెడు కూలి. చక్రం ఎత్తి చూడటానికి అరగంట చాలు. ఖరీదైన అనుమానం ముందు తీర్చుకోవాలన్న తొందర ఎవరిదో నేను చెప్పనక్కర్లేదు.

టైర్ల మోతకు గుర్తు రోడ్డు. గరుకు తారు మీద ఒక గొంతు, కొత్తగా వేసిన నున్నటి తారు మీద ఒక గొంతు, సిమెంటు రోడ్డు మీద మరో గొంతు. బేరింగుకు ఏ రోడ్డయినా ఒకటే. పాత టైరు మీద అరచేతిని ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి నిమిరితే, ఒక దిక్కున నున్నగా, రెండో దిక్కున రంపంలా గీసుకుంటే అది మోగే టైరే. అసలు కొత్తవి కొనకుండానే ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి, మోత చోటు మారిందో లేదో చూస్తే సరిపోయేది. ఆ ఖర్చు ఎలాగూ అయిపోయింది. పాతవి బాగుంటే స్టెప్నీకి ఒకటి ఉంచుకోండి.

ఇప్పుడు జాకీ. గట్టి, సమమైన నేల మీద బండి ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. ముందు ఎడమ చక్రాన్ని నేల విడిచేదాకా ఎత్తి, స్టెప్నీని పడుకోబెట్టి కారు తలుపు గుమ్మం కిందకు తోయండి. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. ఒంట్లో ఏ భాగమూ బండి కిందికి పోనివ్వకండి.

చక్రాన్ని గడియారం అనుకుని పన్నెండు దగ్గర ఒక చెయ్యి, ఆరు దగ్గర ఒక చెయ్యి వేసి, ఒకటి లాగుతూ ఒకటి నెట్టండి. టకటకమని ఆడితే లోపలున్నవారిని బ్రేకు తొక్కమనండి. తొక్కగానే ఆట పోతే బేరింగే, ఎందుకంటే బ్రేకు హబ్బునూ దాన్ని మోసే దిమ్మనూ కలిపి పట్టేస్తుంది. తొక్కినా ఆడుతూనే ఉంటే కింద బాల్ జాయింటు చూడాలి. తర్వాత మూడు, తొమ్మిది దగ్గర పట్టుకుని ఊపండి. అక్కడ మాత్రమే ఆడితే స్టీరింగు టై రాడ్డు చివర అరిగిందని అర్థం. చాలామంది ఇక్కడితో ఆపి, ఆట లేదు కాబట్టి బేరింగు బాగుందని చెప్పేస్తారు. అది తప్పు. గట్టిగా కూర్చుని కూడా గుంయ్‌మనే బేరింగులు ఆడేవాటికంటే ఎక్కువ.

ఇంకొకటి చేయండి. ఒక చేతివేళ్లు సస్పెన్షన్ స్ప్రింగు మీద ఆనించి, రెండో చేత్తో చక్రాన్ని తిప్పండి. చెవికి ఏమీ వినపడకపోయినా, చెడిన బేరింగు గరగర స్ప్రింగు ద్వారా వేళ్లకు తెలుస్తుంది, ఇసుక పడిన తిరగలి తిప్పుతున్నట్టు. వేళ్లు చుట్ల మధ్య ఇరుక్కోకుండా బయటి నుంచి మాత్రమే ఆనించాలి. తర్వాత కుడి చక్రానికీ ఇదంతా చేయండి. రెండూ పోల్చుకోకపోతే ఏది మామూలో ఏది కాదో తెలియదు. బ్రేకు ప్యాడు కొంచెం రాసుకుంటున్న స్ స్ శబ్దం రెండు వైపులా వస్తుంది, దాన్ని పట్టించుకోవద్దు.

కొన్ని షెడ్లలో ఒక చక్రం ఎత్తి, ఇంజన్ వేసి, గేరులో తిప్పి వింటారు. అది చేయించకండి. రెండో చక్రం నేల మీద ఆగి ఉంటే, ఎత్తిన చక్రం స్పీడోమీటరు చూపే దానికి రెట్టింపు వేగంతో తిరుగుతుంది. 40 చూపిస్తుంటే 80. జాకీ మీద 80 వేగంతో తిరిగే చక్రం పక్కన చెవి పెట్టి కూర్చునేవారిని చూస్తే నాకు ఇప్పటికీ చెమట పడుతుంది.

బేరింగు వానల తర్వాతే ఎందుకు పోయింది? మీ దారుల్లో గెడ్డలు, అంటే కొండవాగులు ఎక్కువ. వానాకాలంలో కాజ్‌వేల మీద నీళ్లు పారుతుంటే అందరం మెల్లగా దాటిస్తాం. నీళ్లలోంచి పోవడమే చెడ్డది, వేడెక్కిన చక్రంతో పోవడం ఇంకా చెడ్డది. దిగుడులో బ్రేకులు వాడి వాడి హబ్బు కాలిపోతూ ఉంటుంది. అలాంటిది ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని, సీలు అంచు గుండా తడిని లోపలికి పీలుస్తుంది. ఆ రోజు ఏమీ కాదు. గ్రీజులో చేరిన తడి గోళీల దారిని తుప్పు పట్టించి, గుంటలు చేసి, కొన్ని వారాలకో నెలలకో గొంతు విప్పుతుంది. గెడ్డ ముందు ఐదు నిమిషాలు ఆగి టీ తాగమని నేను చెబితే లారీ డ్రైవర్లు నవ్వేవారు. ఆగినవారూ ఉన్నారు.

ఘాట్ వెళుతున్నారు కాబట్టి ఇంకో శబ్దం గురించి చెప్పాలి. ఒకసారి సాలూరు నుంచి బయల్దేరిన ఒక కుటుంబం సగం దారి నుంచి జయపురం దాకా రెండో గేరులోనే వచ్చింది. ఘాట్‌లో సుంకి ఊరు దాటాక చక్రంలో రంపం కోసినట్టు కీచుమని మొదలైందట. ఆడవాళ్లు దణ్ణాలు పెట్టుకుంటున్నారు, పెద్దాయన ముఖం పాలిపోయింది. చక్రం విప్పితే, బ్రేకు డిస్కుకూ దాని వెనకుండే పల్చటి రేకుకూ మధ్య శనగగింజంత కంకర. స్క్రూడ్రైవరుతో రేకు కాస్త వంచగానే కిందపడింది. ఆ రాయిని పెద్దాయన జేబులో వేసుకుని వెళ్లారు. మీకూ హఠాత్తుగా అలాంటి కీచు వస్తే, చోటు చూసి ఆపి, బండిని నాలుగు అడుగులు వెనక్కి పోనివ్వండి. చాలాసార్లు రాయి అదే రాలిపోతుంది. అయితే బ్రేకు తొక్కినప్పుడే ఇనుము ఇనుముతో గీసుకున్నట్టు వస్తే అది రాయి కాదు, ప్యాడ్లు అయిపోయాయి. అప్పుడిక ఘాట్ దిగకూడదు. రాత్రి వానలో నిలిపిన బండి పొద్దున మొదటి రెండు మూడు బ్రేకులకు గరగరమంటే అది డిస్కు మీది తుప్పు, దానంతట అదే పోతుంది.

వచ్చే వారం ప్రయాణం సంగతి. ఈ పరీక్షలు అయ్యేదాకా, బేరింగని తేలితే మార్చేదాకా, ఘాట్ ఎక్కకండి. మూలిగే బేరింగు ఒక్కరోజులో విడిపోదు, నిజమే, వారాల తరబడి మోగుతూ నడిచినవి చూశాను. కానీ ఘాట్‌లో ప్రతి మలుపూ ఒక వైపు బేరింగు మీద బండి బరువును ఎక్కువగా వేస్తుంది, దిగుడు దాన్ని కాలుస్తుంది. ఆట మొదలైన బేరింగయితే బ్రేకు ప్యాడ్లను కూడా వెనక్కి నెట్టేస్తుంది, పెడల్ ఒక్కసారిగా లోతుకు పోతుంది. పిల్లలతో వెళుతున్నారు కదా, ఈసారికి సాలూరు దాకా బస్సులో వెళ్లండి.

మార్చేటప్పుడు చూసుకోవలసినవి. చాలా చిన్న కార్లలో ముందు బేరింగును ప్రెస్సులో పెట్టి నొక్కి ఎక్కించాలి. సుత్తితో కొట్టి ఎక్కిస్తామంటే లేచి వచ్చేయండి. దెబ్బ గోళీల మీదుగా పోయి, కొత్త బేరింగు కూడా మూడు నెలల్లో అదే పాట పాడుతుంది. దిమ్మలోకి నొక్కేటప్పుడు బయటి రింగు మీద, హబ్బు ఎక్కించేటప్పుడు లోపలి రింగు మీద ఒత్తిడి పడాలి. గుణుపురంలో ప్రెస్సు ఉన్న షెడ్డు తెలియకపోతే రాయగడలో వెతకండి. మీ కారుకు ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే, కొన్ని బేరింగుల ఒక ముఖం మీద సెన్సరు చదివే అయస్కాంత పట్టీ ఉంటుంది. తిరగేసి ఎక్కిస్తే మోత పోతుంది గానీ డ్యాష్‌బోర్డులో ఏబీఎస్ దీపం వెలిగిపోతుంది. ఆ ముఖాన్ని అయస్కాంతం దగ్గర పెట్టకూడదు. యాక్సిల్ నట్టు కొత్తది వేయించండి, అది కొలత ప్రకారం బిగిసేదాకా బండిని చక్రాల మీద ఒక్క అడుగు కూడా తోయనివ్వకండి. రెండు వైపులా మార్చాలంటే ఒప్పుకోనవసరం లేదు, చెడింది మారిస్తే చాలు.

పాత బేరింగును అడిగి తీసుకోండి, అది మీదే. ప్రెస్సులోంచి రెండు ముక్కలుగా వచ్చి ఉంటే లోపలి రింగును గుడ్డతో తుడిచి గోళీల దారి చూడండి. గుంటలు, ఊదారంగు మరకలు, తుప్పు కనిపిస్తాయి. ఒక్క ముక్కగా వస్తే లోపల వేలు పెట్టి తిప్పండి, గరగర తెలుస్తుంది. అద్దంలా నున్నగా ఉండి, మోత కూడా పోకపోతే నా లెక్క తప్పినట్టే. అప్పుడు మళ్లీ రాయండి, గేర్‌బాక్స్ గురించి మాట్లాడుకుందాం.